చేతిపని: పొట్టి విమానానికి ఏ భాగాలు కొనాలి?

గత రెండు సంచికల్లో ప్లాస్టిక్ విమానం కిట్ పెట్టె విప్పడం, ముక్కల్ని చట్రం నుంచి కోయడం, అతికించడం, రంగు వేయడం చూశాం. ఆ తర్వాత నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. "దుకాణంలో కిట్ పక్కనే ఇత్తడి రేకులు, రెజిన్ ముక్కలు చిన్న చిన్న సంచుల్లో వేలాడుతుంటాయి. ఒక్కోసారి వాటి ధర కిట్ ధర కంటే ఎక్కువ. అవి కొనాలా, వద్దా?"

అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పలేను. నేను ఒక విమానాన్ని రెండుసార్లు చేశాను. మొదటిసారి అన్నీ కొన్నాను, తప్పు చేశాను. రెండోసారి మూడే కొన్నాను. ఆ కథ చెబితే మీకే జవాబు దొరుకుతుంది. ఎప్పటిలాగే గట్టిగా చదవండి. కొత్త మాట వచ్చిన చోటే దాని అర్థం చెబుతాను.

ముందు ఈ అదనపు భాగాలు ఎందుకు పుట్టాయో చూద్దాం. కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కల్ని ఉక్కు అచ్చులో పోస్తారు. ఉక్కు అచ్చు చేయడానికి చాలా డబ్బు కావాలి. వేల పెట్టెలు అమ్మితేనే కంపెనీకి గిట్టుబాటు అవుతుంది. గిట్టుబాటు అంటే పెట్టిన ఖర్చు తిరిగి వచ్చి కొంచెం మిగలడం. అందుకని కంపెనీ కొన్ని చోట్ల పని తగ్గిస్తుంది. పైలట్ కూర్చునే చోట ఒక కుర్చీ, ఒక కర్ర, మీటర్ల బొమ్మ ఉన్న ఒక పలక పెట్టి ఊరుకుంటుంది. ఆ లోటు తీర్చడానికి వేరే చిన్న కంపెనీలు వచ్చాయి. వీటిలో చాలా కంపెనీలు చెక్ దేశంలో ఉన్నాయి. 1989లో మొదలైన ఎడ్యువర్డ్ కంపెనీ పేరు మీరు వినే ఉంటారు.

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఇత్తడి రేకు. ఇత్తడి అంటే మన దీపం కుందెకు వాడే పసుపుపచ్చ లోహం. పల్చటి రేకు మీద వెలుతురుకు స్పందించే పూత పూసి, బొమ్మ అచ్చు వేసి, మిగిలిన చోట లోహాన్ని రసాయనంతో తినిపిస్తారు. రేకులో సన్నని ముక్కలు మిగులుతాయి. రెండోది రెజిన్. అసలు ముక్క ఒకటి చేతితో చేసి, దాని మీద సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో రెజిన్ ద్రవం పోస్తే కాసేపటికి గట్టిపడుతుంది. రబ్బరు అచ్చు మెత్తగా ఉంటుంది కాబట్టి వంపులున్న ముక్క కూడా విరగకుండా బయటికి వస్తుంది. ఉక్కు అచ్చులో అది కుదరదు. ఈ మధ్య త్రీడీ ప్రింటర్‌తో చేసిన ముక్కలు కూడా వస్తున్నాయి. చాలా సన్నగా, అందంగా ఉంటాయి. నా లావు వేళ్లకు మాత్రం పెళుసు. పెళుసు అంటే వంగకుండా పుటుక్కున విరిగే గుణం.

ఇత్తడి రేకు ఎందుకు కావాలో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మనం చేసే మోడల్ అసలు విమానంలో 48వ వంతు. ప్లాస్టిక్ ముక్క ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు విమానంలో అది 48 మిల్లీమీటర్లు అన్నమాట. విమానం తలుపు కాదు, కోట తలుపు అవుతుంది! ఇత్తడి రేకు మిల్లీమీటరులో పదో వంతు ఉంటే, అసలు కొలతలో 5 మిల్లీమీటర్లే. సీటు బెల్టు, సన్నని మూత, జల్లెడ లాంటి వాటికి అది సరిపోతుంది. కానీ రేకు ఎప్పటికీ బల్లపరుపుగానే ఉంటుంది. గుండ్రటి గొట్టాన్ని రేకుతో చేస్తే పక్క నుంచి చూసినప్పుడు మాయమైపోతుంది. గుండ్రటి వాటికి తీగ వాడండి. పాత టెలిఫోన్ వైరు చీల్చితే లోపల సన్నని రాగి తీగ ఉంటుంది. దానికి డబ్బు ఖర్చు లేదు.

ఇప్పుడు విమానం సంగతి.

దాని పేరు బ్రూస్టర్ బఫెలో. అమెరికా నౌకాదళం కోసం పుట్టిన యుద్ధవిమానం. బ్రిటన్ 170 కొన్నది. వాటిలో చాలా వాటిని 1941లో మన మలయాకు, సింగపూర్‌కు పంపింది. అవి ఓడల మీద పెద్ద చెక్కపెట్టెల్లో వచ్చాయి. సింగపూర్‌లో పెట్టెలు విప్పి, రెక్కలు బిగించారు. అంటే అసలు విమానం కూడా కిట్టే! పొట్టిగా, లావుగా, పీపాలా ఉంటుంది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 35 అడుగులు. 48వ వంతులో చేస్తే 22 సెంటీమీటర్లు, అంటే జానెడు. చెయ్యి చాచి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు ఉండే దూరం జానెడు. మీ చేతితో కొలిచి చూడండి.

1941 డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సైన్యం కోట బారులో దిగింది. ఆ ఉదయమే జపాన్ విమానాలు కెడాలోని సుంగై పెటానీ విమానాశ్రయం మీద బాంబులు వేశాయి. అక్కడ ఆస్ట్రేలియా వాయుసేన 21వ దళం బఫెలోలు ఉన్నాయి. ఆ తర్వాతి కథ మీరు బడిలో చదువుకున్నదే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది.

మా కుటుంబం ఆ విమానాశ్రయానికి దగ్గర్లోనే ఒక రబ్బరు తోటలో ఉండేది. నేను తోట అంటే మీరు పూలతోట అనుకోకండి. మన పెద్దవాళ్లు ఎస్టేటును తోట అనేవారు. యుద్ధానికి కొన్ని వారాల ముందు మా తాత, ఆయన తమ్ముడు కట్టెల బండి తోలుకుని ఆ దారిలో వెళ్లేవారు. మా తాతకు 22 ఏళ్లు. తమ్ముడికి 11 ఏళ్లు. ముళ్లకంచె అవతల ఒక పొట్టి విమానం నిలబడి ఉండేదట. అన్నదమ్ములిద్దరూ బండి ఆపి చూసేవారట. కాపలావాడు అరిచేదాకా.

తర్వాత మా తాతను సయాం–బర్మా రైలు మార్గం పనికి తీసుకెళ్లారు. మలయా తోటల నుంచి వేలమంది తమిళులు, తెలుగువాళ్లు ఆ పనికి వెళ్లారు. 415 కిలోమీటర్ల మార్గం. తాత తిరిగి రాలేదు. మా నాన్నకు అప్పుడు మూడేళ్లు. అందుకని నాకు తాత అంటే ఆ తమ్ముడే. ఆయన్ని చిన్నతాత అని పిలిచేవాళ్లం. తాత తమ్ముడు చిన్నతాత, తాత అన్న పెదతాత. ఇంగ్లీషులోలాగా అందరినీ ఒకే మాటతో పిలవం. చిన్నతాత పెద్దయ్యాక తోటలో లారీ డ్రైవరు అయ్యాడు. 35 ఏళ్లు లారీ నడిపాడు.

2008లో నేను ఆయన కోసం బఫెలో చేద్దామనుకున్నాను. ఆయనకు అప్పుడు 78 ఏళ్లు. ఒక పాత కిట్ కొన్నాను. చాలా పాతది కాబట్టి లోపల ఏమీ లేదు. ఇంక చూడండి నా ఉత్సాహం. రెజిన్ కాక్‌పిట్ కొన్నాను. ఇత్తడి రేకులు రెండు పలకలు కొన్నాను. రెజిన్ ఇంజన్ కొన్నాను. తుపాకుల గొట్టాలు లోహంవి కొన్నాను. మొత్తం కలిపితే కిట్ ధరకు రెండింతలు అయింది. ఈ సంగతి మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ తెలుగు చదవదు, కాబట్టి మీరు చెప్పకండి.

రెజిన్ కాక్‌పిట్ పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. మీరు ఎప్పుడైనా రెజిన్ ముక్క కొంటే ముందుగా గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు దాని మీద ఉంటుంది. కడగకపోతే రంగు పొలుసులుగా లేచిపోతుంది. తర్వాత దాని కింద ఉండే దిమ్మను సన్నని రంపంతో కోయాలి. దిమ్మ అంటే రెజిన్ పోసిన చోట మిగిలిపోయిన మందపాటి ముద్ద. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు తడిపి చేయండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలు ఈ పని పెద్దవాళ్ల దగ్గరే చేయాలి. ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ను అతికించదు, ఎందుకంటే ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది, రెజిన్ కరగదు. సూపర్ గ్లూ వాడాలి. సూపర్ గ్లూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మన దేశంలో తేమకు కరువు లేదు కదా, ముక్క సరిగ్గా పెట్టేలోపే అతుక్కుంటుంది. అందుకని మొదట జిగురు లేకుండా పెట్టి చూడండి. ఒకసారి కాదు, పదిసార్లు.

నేను పదిసార్లు చూశాను. అయినా ముక్క పట్టలేదు. రెజిన్ గోడల మందం వల్ల విమానం రెండు సగాలు మూసుకోలేదు. ప్లాస్టిక్‌ను లోపలి నుంచి ఉప్పు కాగితంతో అరగదీయడం మొదలుపెట్టాను. గరుకుగా ఉండే సాండ్ పేపర్‌ను తెలుగులో ఉప్పు కాగితం అంటారు. వెలుతురుకు ఎత్తి చూస్తే ప్లాస్టిక్‌లోంచి దీపం కనిపించేంత పల్చగా అరగదీశాను. ఒక చోట చిల్లు కూడా పడింది. పుట్టీతో పూడ్చాను.

చివరికి కాక్‌పిట్ పట్టింది. బెల్టులకు ఇత్తడి బకిల్స్, మీటర్ల మీద గాజులా మెరిసే చుక్కలు, పక్కన మీటలు, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి భూతద్దంతో చూసుకుని మురిసిపోయాను. తర్వాత పైన అద్దపు కప్పును సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారేసరికి అద్దం లోపల తెల్లటి పొగమంచు పట్టేసింది. సూపర్ గ్లూ ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద అలా తెల్లగా పేరుకుంటుంది. అద్దానికి ఎప్పుడూ బడిలో వాడే తెల్ల జిగురే వాడండి. నాలుగు నెలల పని ఆ పొగమంచు వెనక్కి వెళ్లిపోయింది. దగ్గర్నుంచి చూస్తే లోపల ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

అయినా చిన్నతాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అద్దం వైపు చూడనే లేదు. విమానాన్ని కంటి ఎత్తుకు లేపి, కింద నుంచి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు: "ఏట్రా ఇది? సెక్రాలకి బరువు నేదు. ఇది నేల మీద నిల్సోనేదు, గాల్లో యేలాడతన్నట్టుంది."

ఆయన మాట మీకు కొత్తగా ఉంటే భయపడకండి. మన పెద్దవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చారు. అక్కడి పల్లెల్లో 'ఏమిటిరా'ని 'ఏట్రా' అంటారు. 'చక్రాలు' 'సెక్రాలు' అవుతాయి. 'లేదు' 'నేదు' అవుతుంది. పాఠ్యపుస్తకంలో ఇలా ఉండదు. అంతమాత్రాన అది తప్పు తెలుగు కాదు. మీ ఇంట్లో ఇలా మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్లను దిద్దకండి. రాసుకోండి.

సరే, ఆయన చెప్పింది నిజమే. కిట్‌లోని చక్రాలు బిళ్లల్లా గుండ్రంగా ఉన్నాయి. బల్లను ఒక్క బిందువు దగ్గర తాకుతున్నాయి. అసలు బఫెలో నిండా పెట్రోలు, తూటాలు పెట్టుకుంటే దాదాపు మూడు టన్నుల బరువు. ఆ బరువంతా రెండు ముందు చక్రాల మీద, ఒక చిన్న తోక చక్రం మీద ఉంటుంది. టైరు కింద కొంచెం చదును కావాలి. పక్కలు కొంచెం ఉబ్బాలి. 35 ఏళ్లు లారీ నడిపిన మనిషికి అది మొదటి చూపులోనే తెలిసింది. నేను భూతద్దంతో నాలుగు నెలలు చూసినా తెలియలేదు.

అప్పుడు నేను అడగవలసిన ప్రశ్న అడిగాను. కిట్ కొనడానికి ముందే అడిగి ఉండాల్సింది. "చిన్నతాతా, నువ్వు ఆ విమానాన్ని ఎక్కడ నుంచి చూశావు?"

కంచె అవతల నుంచి చూశాడు. 11 ఏళ్ల పిల్లవాడి ఎత్తులో చూశాడు. ఆయనకు పైలట్ సీటు కనిపించలేదు. మీటర్లు కనిపించలేదు. చక్రాలు కనిపించాయి. చక్రాలకు అంటిన ఎర్రమట్టి కనిపించింది. విమానం కడుపు కనిపించింది. ముందు ఇంజన్ కింది భాగం కనిపించింది. కడుపు కింద ఒక కిటికీ ఉండేదని కూడా చెప్పాడు. "కడుపుకి కిటికీ ఏటని మేం నవ్వుకున్నాం" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు పులకరించింది. బఫెలోకు నిజంగానే కాక్‌పిట్ కింద, కడుపులో ఒక కిటికీ ఉంటుంది. పైలట్ కిందకు చూడడానికి పెట్టింది. విమానాల పుస్తకాలు చదివినవాళ్లకే తెలిసే సంగతి అది. చిన్నతాత ఆ పుస్తకాలు ఎప్పుడూ చూడలేదు.

రెండో బఫెలో అక్కడ మొదలైంది. ఈసారి పాత పద్ధతి తిరగేశాను. ఆ పిల్లవాడికి కనిపించేవి మాత్రమే మంచిగా చేద్దాం, కనిపించనివి కిట్‌లో ఎలా ఉంటే అలాగే వదిలేద్దాం అనుకున్నాను. కొన్నవి మూడే. రెజిన్ చక్రాలు, రెజిన్ ఇంజన్, ఇత్తడి రేకు ఒక పలక.

చక్రాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు ఒక్క అదనపు భాగమే కొనగలిగితే అదే కొనండి. బరువు పడినట్టు కింద చదునుగా చేసిన రెజిన్ చక్రాలు దొరుకుతాయి. ధర తక్కువ. కిట్ చక్రం తీసి అది పెడితే చాలు, రంపంతో పెద్ద పనేమీ ఉండదు. కానీ చూసి కొనండి. కొన్ని చక్రాల్ని మరీ చదునుగా చేస్తారు, పంక్చర్ అయినట్టు ఉంటాయి. అసలు కొనకుండా కూడా ఈ పని చేయవచ్చు. కిట్ చక్రం అడుగును ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్దండి. ఆకురాయి అంటే లోహాన్ని, చెక్కను అరగదీసే గరుకు ఇనుప కడ్డీ. మూడు చక్రాలూ ఒకే నేల మీద ఆనుతున్నాయో లేదో అద్దం పలక మీద పెట్టి చూసుకోండి. చక్రాల కాళ్లకు మాత్రం రెజిన్ వాడకండి. మన ఎండకు, బరువుకు రెజిన్ కాళ్లు కొన్ని నెలల్లో మెల్లగా వంగిపోతాయి. ప్లాస్టిక్ గాని లోహం గాని మేలు.

బఫెలో చక్రాలు పైకి ముడుచుకున్నప్పుడు విమానం కడుపు పక్కల్లోకి వెళ్తాయి. దిగినప్పుడు ఆ గుంతలు తెరిచే ఉంటాయి. కింద నుంచి చూస్తే లోపలి కడ్డీలు, గొట్టాలు కనిపిస్తాయి. పాత కిట్‌లో అక్కడ ఖాళీ గుంత ఉంది. దానికి నేను ఏదీ కొనలేదు. ప్లాస్టిక్ చట్రం ముక్కను కొవ్వొత్తి సెగకు మెత్తబరచి మెల్లగా లాగితే జుట్టు వెంట్రుకంత సన్నని కడ్డీ వస్తుంది. దానితో లోపలి ఎముకలు కట్టాను. బ్రేకు గొట్టానికి రాగి తీగ. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది.

ఇంజన్‌కు తొమ్మిది సిలిండర్లు. ఒకే వరుసలో పువ్వు రేకుల్లా చుట్టూ ఉంటాయి. విమానం ముక్కు తెరిచి ఉంటుంది కాబట్టి ఇంజన్ ముందు వైపు బాగా కనిపిస్తుంది. అందుకే రెజిన్ ఇంజన్ కొన్నాను. ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు, మొత్తం 18 తీగలు కట్టాను. వెనక వైపు తీగలు కట్టలేదు. మొదటి మోడల్‌లో అవి కూడా కట్టాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఎవరూ ఎప్పటికీ చూడలేరు.

ఇత్తడి రేకు పలకలో 40కి పైగా ముక్కలు ఉంటే నేను వాడినవి ఆరు. ఇత్తడి పనికి మీకు మంచి శ్రావణం కావాలి. శ్రావణం అంటే కంసాలి చిన్న నగను పట్టుకునే సన్నని పట్టకారు. ముక్కను కోసేటప్పుడు మెత్తటి దాని మీద పెట్టకండి, వంగుతుంది. గట్టి టైల్ మీద పెట్టి పదునైన బ్లేడుతో నొక్కండి. వంచాల్సిన ముక్కను ముందుగా మంటలో ఒక క్షణం ఎర్రబడేలా కాల్చి చల్లారనివ్వండి. లోహం మెత్తబడి చెప్పినట్టు వింటుంది. కంసాలులు కూడా లోహాన్ని అలాగే కాలుస్తారు. తర్వాత వెనిగర్‌లో కాసేపు నానబెట్టి కడిగితే రంగు బాగా పడుతుంది. ఎక్కువ మందికి ముక్క ఎగిరి నేల మీద పడుతుంది. వెతకడానికి ముందు అందరినీ కదలొద్దని చెప్పండి. మా ఇంట్లో ఒక ముక్క మూడు వారాల తర్వాత పిల్లి కాలికి దొరికింది.

కాక్‌పిట్‌లో కిట్ కుర్చీనే పెట్టాను. దాని మీద మాస్కింగ్ టేపును సన్నగా కోసి బెల్టుల్లా వేశాను. అద్దం పెట్టాక రెండు బఫెలోలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది నాలుగు నెలల కాక్‌పిట్టో, ఏది అరగంట టేపో చెప్పగలిగితే నేను మీకు నాసి లెమాక్ తినిపిస్తాను. మా అబ్బాయి చెప్పలేకపోయాడు.

కడుపు కిటికీని మాత్రం జాగ్రత్తగా చేశాను. అద్దం ముక్కను మెత్తటి గుడ్డతో రుద్ది, తెల్ల జిగురుతో అతికించి, ఒక రోజంతా ముట్టుకోలేదు.

రంగు విషయంలో అందరూ ఎక్కడో ఒక చోట పోట్లాడతారు. బఫెలోకు పైన ముదురు గోధుమ రంగు, ముదురు ఆకుపచ్చ, కింద లేత ఆకాశం రంగు. ఫొటోలు చూసి చేయండి. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ సంగ్రహంలో మలయా బఫెలోల ఫొటోలు ఉన్నాయి. పెట్టె మీద గీసిన బొమ్మను నమ్మకండి, దాన్ని గీసింది మీకు కిట్ అమ్మడానికి. ఎర్రమట్టి కోసం నేను రంగు కొనలేదు. సుంగై పెటానీ దారిలో రోడ్డు పక్కన చెంచాడు మట్టి తెచ్చి, పిండి జల్లెడలో జల్లించి, పల్చటి తెల్ల జిగురులో కలిపి టైర్లకు, రెక్కల కింద చక్రాలు చిమ్మే చోట తట్టాను. ఎక్కువ వేయకండి. మట్టి కనిపించాలి, విమానం పొలం దున్నినట్టు ఉండకూడదు.

రెండో విమానాన్ని చిన్నతాత దగ్గరికి తీసుకెళ్లాను. భోజనాల బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీ పక్కకు జరిపి, మోకాళ్ల మీదకు వంగి, గడ్డం బల్లకు ఆనించి చూశాడు. పిల్లవాడి ఎత్తు అది. చక్రాల్ని చూశాడు. కడుపు కిటికీని చూసి చిన్నగా నవ్వాడు. తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. ఒక పుల్ల తీసి, కొంచెం విరిచి, ఎడమ చక్రం దగ్గర బల్ల మీద నిలబెట్టే ప్రయత్నం చేశాడు. అది పడిపోయింది. నేను చుక్క జిగురు పెట్టి అట్టముక్క మీద నిలబెట్టాను.

"మా అన్న ఇక్కడ నిల్సున్నాడు," అన్నాడు. "నాను బండి మీద."

తర్వాత ఇంటికి వచ్చి ఆ పుల్లను కొలిచాను. మూడున్నర సెంటీమీటర్లు. 48వ వంతులో అయిదున్నర అడుగుల మనిషి అంతే ఉంటాడు. మా తాత ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఆయన ఎంత ఎత్తు ఉండేవాడో ఆ రోజే నాకు తెలిసింది.

మనుషుల బొమ్మలు కూడా అదనపు భాగాలుగా దొరుకుతాయి. 48వ వంతులో పైలట్లు, మెకానిక్కులు, పెట్రోలు పోసేవాళ్లు రెజిన్‌లో ఉన్నారు. చాలా బాగుంటారు. పంచె కట్టుకుని కట్టెల బండి పక్కన నిలబడిన మనిషి మాత్రం ఏ సంచిలోనూ లేడు. చేద్దామని రెండుసార్లు పుట్టీతో మొదలుపెట్టి ఆపేశాను. చిన్నతాత పోయి ఇప్పటికి 13 ఏళ్లయింది. అగ్గిపుల్ల అట్టముక్క మీద అలాగే ఉంది. దాని ఎర్ర తల మీద రంగు వేయలేదు.

ఈ నెల మీ పని ఇది. మీ ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు చూసిన ఒక బండి గురించి అడగండి. విమానమే కానక్కర్లేదు. లారీ, రైలింజను, సైకిలు, పడవ, ఏదైనా సరే. మూడు ప్రశ్నలు తెలుగులో అడగండి: "ఎక్కడ నుంచి చూశారు? ఎంత దూరం నుంచి చూశారు? దాని పక్కన ఎవరున్నారు?" జవాబుల్ని వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసి నాకు పంపండి. 'నేదు' అంటే 'నేదు' అనే రాయండి. వచ్చే సంచికలో తోటల్లో తిరిగిన పాత లారీల కిట్లు ఏవి దొరుకుతాయో, వాటి చెక్క తొట్టెను ఐస్‌క్రీమ్ పుల్లలతో ఎలా చేయాలో చూద్దాం. మంచి రంపం ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.